నాలుగిళ్ల అవతలికి మాట చేరాలంటే

2024 సెప్టెంబరు మొదటి వారం. విజయవాడ సింగ్‌నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట వైపు బుడమేరు నీళ్లు చుట్టుముట్టాయి. జనం మేడల మీదికి ఎక్కి కూర్చున్నారు. కరెంటు లేదు. చాలాచోట్ల ఫోన్లలో సిగ్నల్ లేదు, ఉన్నచోట కాల్ కలవడం గగనమైపోయింది. ఎదురింటి డాబా మీదున్న వాళ్లతో అయితే కేకేసి మాట్లాడొచ్చు. నాలుగిళ్ల అవతల ఒంటరిగా ఉన్న ముసలావిడకు మందులున్నాయో లేవో కనుక్కోవడానికి మాత్రం దారి లేదు. నాలుగిళ్లంటే ఎంత? యాభై అరవై మీటర్లు. ఆ ఇంట్లోనూ ఫోన్ ఉంది, ఈ ఇంట్లోనూ ఉంది. రెండింట్లోనూ బ్లూటూత్ ఉంది, వైఫై ఉంది. టవర్‌తో నిమిత్తం లేకుండా తమంతట తాము రేడియో తరంగాలు పంపగలవి, అందుకోగలవి ఆ రెండూ. అయినా మాట దాటలేదు.

దాటకపోవడానికి దూరం ఒక కారణమే, కానీ చిన్న కారణం. చట్టం అడ్డు లేదు. ఫోన్‌లో పరికరం లేకపోవడం అంతకన్నా కాదు. ఏ కంపెనీ ఫోన్ అయినా పక్కనున్న మరో కంపెనీ ఫోన్‌ను నేరుగా పలకరించేలా, ఆపద రాకముందే చేసి పెట్టుకోవాల్సిన ఏర్పాటు లేకపోవడమే పెద్ద కారణం. అది చేసి పెట్టుకోవడం సాధ్యమా, చేస్తే ఎంతవరకు పనికొస్తుంది అన్నది విడదీసి చూడాలి.

మామూలు రోజుల్లో పక్కింటికి పంపే వాట్సాప్ మెసేజ్ కూడా పక్కింటికి నేరుగా వెళ్లదు. ఫోన్ నుంచి టవర్‌కు, టవర్ నుంచి ఫైబర్ కేబుల్ మీద ఆపరేటర్ కేంద్రానికి, అక్కడి నుంచి ఎక్కడో ఉన్న సర్వర్‌కు వెళ్లి, మళ్లీ అదే తీరున వెనక్కి వస్తుంది. వందల కిలోమీటర్ల ప్రయాణం. కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది కాబట్టి ఎవరికీ పట్టదు. ఆ గొలుసులో ఒక్క లంకె తెగితే మాత్రం నాలుగిళ్ల దూరం కూడా అమెరికా అంత దూరమవుతుంది. వరదలో మొదట తెగేది టవర్ దగ్గరి కరెంటు. బ్యాటరీలు కొన్ని గంటలు మోస్తాయి, ఆ తర్వాత డీజిల్ జనరేటర్ కావాలి. నడుముల్లోతు నీళ్లలో డీజిల్ డబ్బా మోసుకెళ్లే మనిషి కావాలి.

ఊరుమ్మడి రేవు

టవర్ వాడే తరంగాలకు యజమానులున్నారు. 2022లో జరిగిన 5జీ వేలంలో కంపెనీలన్నీ కలిపి లక్షా 50 వేల కోట్ల రూపాయలకు పైగా విలువైన స్పెక్ట్రమ్ కొనుక్కున్నాయి. డబ్బు కట్టారు కాబట్టి ఆ ఫ్రీక్వెన్సీలో ఇంకొకరు వేలు పెట్టకూడదు, పెడితే ప్రభుత్వం ఊరుకోదు. బ్లూటూత్, వైఫై వాడే తరంగాలు అలా కాదు. అవి ఊరుమ్మడి రేవు లాంటివి. ఎవరైనా దిగి స్నానం చేయొచ్చు, బట్టలు ఉతుక్కోవచ్చు. ఇది నా మెట్టు అనే హక్కు ఎవరికీ లేదు. పక్కవాళ్లు నీళ్లు చిమ్మారని ఫిర్యాదు చేసే హక్కూ లేదు.

భారత ప్రభుత్వ నిబంధనల్లో ఉన్న మాట కూడా దాదాపు ఇదే: ఇతరులకు అంతరాయం కలిగించకూడదు, ఇతరుల వల్ల అంతరాయం కలిగితే రక్షణ అడగకూడదు, అందరూ పంచుకుని వాడుకోవాలి. ఈ షరతులతో, బ్లూటూత్, వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు 2005 జనవరిలో లైసెన్సు అక్కర్లేకుండా చేశారు. ట్రాన్స్‌మిటర్ పవర్ ఒక వాట్, యాంటెనాతో కలుపుకుని 4 వాట్లు దాటకూడదు. అదే ఏడాది మార్చిలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న చిన్న ముక్కనూ వదిలారు, తర్వాత దాన్ని 868 వరకు పెంచారు. 2018లో 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ వెడల్పున పెద్ద స్థలం తెరిచారు. 6 గిగాహెర్ట్జ్ కింది భాగం కోసం 2025 మేలో ముసాయిదా నిబంధనలు వచ్చాయి.

ఈ అంకెల్లో 865 మెగాహెర్ట్జ్ ముక్క మీద ఒక కన్నేసి ఉంచాలి. వెడల్పులో అన్నిటికన్నా చిన్నది అదే, వరద రోజున అన్నిటికన్నా ఎక్కువగా ఆదుకోగలిగేదీ అదే.

యజమాని లేని రేవులో తొక్కిసలాట ఎందుకు జరగదు? మర్యాద వల్ల. ఇది అలంకారం కాదు, వైఫై చిప్‌లో అక్షరాలా రాసి ఉన్న పద్ధతి. ఫోన్ మాట్లాడబోయే ముందు ఛానల్ వింటుంది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. వాళ్లు ఆపగానే ఎగబడదు. సున్నా నుంచి 15 లోపు ఒక అంకెను తోచినట్టు ఎంచుకుని, సెకనులో పది లక్షల వంతులు తొమ్మిది చొప్పున ఒక్కో అంకె తగ్గించుకుంటూ వస్తుంది. మధ్యలో ఇంకెవరైనా మొదలుపెడితే లెక్క ఆపి, వాళ్లు ముగించాక ఆపినచోటి నుంచే మళ్లీ అందుకుంటుంది. సున్నాకు చేరాక మాట్లాడుతుంది. అవతలి నుంచి 'అందింది' అన్న జవాబు రాకపోతే ఇద్దరి మాట ఒకేసారి పడి చెడిపోయిందని ఊహించి, ఈసారి 31 లోపు అంకె ఎంచుకుంటుంది. తర్వాత 63 లోపు. ఇలా 1023 దాకా. ఇబ్బంది పెరిగే కొద్దీ మరింత ఓపిక పట్టడం అన్నమాట. పోలీసు లేడు, పెద్దమనిషి లేడు. అయినా గుంటూరు అపార్ట్‌మెంట్లలో పక్కపక్క ఫ్లాట్లలో పాతిక రూటర్లు రాత్రంతా సర్దుకుపోతున్నాయి.

బ్లూటూత్‌ది వేరే మర్యాద. ఒకచోట నిలబడితే గొడవ కాబట్టి అది నిలబడదు. పాతకాలపు బ్లూటూత్ 79 సన్నటి ఛానళ్ల మీద సెకనుకు 1600 సార్లు గెంతుతుంది. ఒక గెంతు వైఫై మీద పడి చెడినా, తర్వాతి గెంతు ఖాళీలో పడుతుంది.

ఈ మర్యాదకు ఒక గుడ్డితనం ఉంది. గుంటూరు బ్రాడీపేటలో అడ్రసు లైను నంబరుతో చెబుతారు కదా, ఆ లైన్లనే తీసుకుందాం. నాలుగో లైనులో ఒక ఫోన్, అయిదో లైనులో ఒకటి, ఆరో లైనులో ఇంకొకటి. నాలుగుకూ ఆరుకూ మధ్య ఇళ్ల గోడలు అడ్డం. కాబట్టి ఒకదాని మాట ఇంకొకదానికి వినపడదు. అయిదో లైనులోని ఫోన్‌కు మాత్రం రెండూ వినపడతాయి. నాలుగో లైను ఫోన్ విని చూసింది, నిశ్శబ్దం. మొదలుపెట్టింది. ఆరో లైను ఫోన్ కూడా విని చూసింది, దానికీ నిశ్శబ్దమే. అదీ మొదలుపెట్టింది. అయిదో లైనులో రెండు మాటలూ కలిసిపోయి ఏదీ అర్థం కాలేదు. ఇద్దరూ మర్యాద పాటించారు, అయినా మాట చెడింది. టవర్ ఉంటే అది పైనుంచి చూసి 'ముందు నువ్వు, తర్వాత నువ్వు' అని వంతులు పెట్టేది. ఫోన్లు నేరుగా మాట్లాడుకునేచోట ఆ వంతులు పెట్టేవాళ్లు ఉండరు. ఫోన్లు ఎక్కువయ్యే కొద్దీ ఈ చిక్కు పెరుగుతుంది. అందుకే ఈ పద్ధతి టవర్లకు బదులుగా వస్తుందని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. టవర్ లేని గంటల్లో ఆదుకునేదిగా చూడాలి.

బీసెంట్ రోడ్డులో రోజూ జరిగేదే

ఫోన్‌తో ఫోన్ నేరుగా మాట్లాడటం కొత్త సంగతేమీ కాదు. షేర్‌ఇట్, జెండర్ యాప్‌లతో సినిమాలు, పాటలు పంచుకున్న తరం ఉంది. 2020 జూన్‌లో నిషేధించిన 59 చైనా యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. ఇప్పుడు ఆ పని ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్, ఐఫోన్‌లో ఎయిర్‌డ్రాప్ చేస్తున్నాయి. బీసెంట్ రోడ్డు మొబైల్ షాపులో పెళ్లి ఫొటోలు పాత ఫోన్‌లోంచి కొత్త ఫోన్‌లోకి పంపించే కుర్రాడు రెండు ఫోన్లూ కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి, ఓ బటన్ నొక్కి, వేరే కస్టమర్‌ను చూసుకుంటాడు. ఆ కాసేపట్లో రెండు ఫోన్ల మధ్య చాలా సంగతులు నడుస్తాయి.

ముందు బ్లూటూత్ 'నేనిక్కడున్నా' అని చిన్న కేక వేస్తుంది. ఈ కేకలకు మూడు ఛానళ్లు విడిగా ఉన్నాయి: 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్. వైఫై ఎక్కువగా వాడే 1, 6, 11 ఛానళ్లకు అటూ ఇటూ, మధ్య సందులోనూ ఇమిడేలా ఏరికోరి పెట్టిన చోట్లవి. కేక విన్న రెండో ఫోన్ బదులిస్తుంది. బ్లూటూత్‌తో పెళ్లి ఫొటోలన్నీ పంపాలంటే తెల్లారిపోతుంది కాబట్టి చాలాసార్లు అక్కడి నుంచి వైఫై డైరెక్ట్‌కు మారతాయి. రూటర్ లేదు గనక రెండింట్లో ఒకటి కాసేపు రూటర్‌గా నిలబడాలి. ఎవరు? ఒక్కో ఫోన్ తన సుముఖతను సున్నా నుంచి 15 వరకు ఒక అంకెతో చెబుతుంది. పెద్ద అంకె చెప్పినదే పెద్దరికం తీసుకుంటుంది. సమానంగా ఉంటే తేల్చే పద్ధతి వేరే ఉంది. రెండూ 15 అని పట్టుబడితే మాత్రం సంప్రదింపు విఫలమవుతుంది. పెద్దరికం తేలాక తాళంచెవి మార్చుకుని, ఫొటోలు పారడం మొదలవుతుంది. మధ్యలో రూటర్ ఉంటే ప్రతి ఫొటో గాలిని రెండుసార్లు వాడుకోవాలి, ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి. నేరుగా అయితే ఒక్కసారే.

ఇంత పనితనం ఉన్న అదే ఫోన్ వరదలో ఎందుకు మూగబోయింది? ఈ పలకరింపంతా పక్కపక్కన ఉన్న ఇద్దరి కోసం, ఇద్దరూ 'సరే' అని నొక్కేందుకు తయారైనది. మూడో ఫోన్ మీదుగా నాలుగో ఫోన్‌కు అందించే పని దానికి నేర్పలేదు. పైగా చాలాకాలం ఐఫోన్ భాష ఐఫోన్‌దే, ఆండ్రాయిడ్ భాష ఆండ్రాయిడ్‌దే. ఒకే డాబా మీద అన్న చేతిలో ఒకటి, తమ్ముడి చేతిలో ఇంకొకటి ఉంటే ఆ రెండూ ఒకదాన్నొకటి ఎరగవు. ఈ గోడ ఇప్పుడిప్పుడే పగులుతోంది. వైఫై అవేర్ అనే ఉమ్మడి ప్రమాణం 2015 నుంచీ ఉంది, ఆండ్రాయిడ్ దాన్ని ఎనిమిదో వెర్షన్‌లోనే అందుకుంది. యూరప్ నియంత్రణ సంస్థలు గట్టిగా అడిగాక 2025లో ఐఓఎస్ 26తో యాపిల్ కూడా దాన్ని యాప్‌లకు తెరిచింది. 2025 నవంబరులో గూగుల్ తన పిక్సెల్ 10 ఫోన్ల నుంచి ఎయిర్‌డ్రాప్‌కు ఫైళ్లు పంపే వీలు తెచ్చింది. పదేళ్ల కింద చేయగలిగిన పని ఇది. ఇన్నేళ్లు ఆగడానికి సాంకేతిక కారణం కనపడదు.

మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ కూడా ఈ దారి తొక్కింది. 4జీ కాలంలోనే, ఆ ప్రమాణాల రిలీజ్ 12 అనే విడతలో, టవర్ ప్రమేయం లేకుండా ఫోన్ నుంచి ఫోన్‌కు వెళ్లే సైడ్‌లింక్‌ను చేర్చింది. పోలీసు, ఫైర్ సిబ్బంది అవసరాలు అప్పటి ఆలోచన. తర్వాత వాహనాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి దాన్ని పెంచారు. రిలీజ్ 18లో ఆ సైడ్‌లింక్‌ను లైసెన్సు లేని 5, 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్లలోకి కూడా తెచ్చారు, వైఫై లాగే ముందు విని తర్వాత మాట్లాడాలన్న షరతుతో. ఊరుమ్మడి రేవులోకి కొత్త చుట్టం వచ్చినట్టు. ఇక్కడ ఒక పాత తగువు ఉంది. వైఫై తోటి వైఫై గొంతును గుర్తుపట్టి, అది చాలా సన్నగా ఉన్నా ఆగుతుంది. పరాయి గొంతైతే దానికి వంద రెట్లు బలంగా వినపడితే తప్ప ఆగదు. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు ఎంత చప్పుడుకు ఆగాలి, ఎంత సేపు మాట్లాడాలి అన్న దాని మీద వైఫై, మొబైల్ వర్గాల ఇంజినీర్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ప్రమాణం పుస్తకంలోకి ఎక్కింది. మామూలు జనం చేతిలో ఉన్న ఫోన్లలోకి మాత్రం ఈ సైడ్‌లింక్ రాలేదు.

అంచెలంచెలుగా

కాబట్టి ఇప్పటికిప్పుడు చేతిలో ఉన్నవి బ్లూటూత్, వైఫై. వీటితో ఒక ఫోన్ మాటను ఇంకొకటి అందుకుని ముందుకు పంపే యాప్‌లు వచ్చాయి. 2014లో హాంకాంగ్ ఆందోళనల్లో ఫైర్‌చాట్ పేరు మోగింది. 2025 జూలైలో ట్విటర్ వ్యవస్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ బిట్‌చాట్ తెచ్చారు. ఆ సెప్టెంబరులో నేపాల్ అల్లర్లప్పుడు అక్కడ చాలామంది దాన్ని దించుకున్నారు. బిట్‌చాట్‌లో మెసేజ్ బ్లూటూత్ మీద గరిష్ఠంగా ఏడు అంచెలు వెళ్తుంది.

సింగ్‌నగర్ లెక్క వేసి చూద్దాం. డాబా మీద నుంచి డాబా మీదికి, అడ్డం తక్కువగా ఉంటే, ఒక్కో అంచె పాతిక మీటర్లు అనుకుందాం. ఏడు అంచెలకు 175 మీటర్లు. సందు చివరి నుంచి మెయిన్ రోడ్డు మీద పడవ ఆగేచోటుకు సుమారుగా సరిపోయే దూరం. నాలుగిళ్ల అవతలి ముసలావిడ సంగతి రెండు మూడు అంచెల్లో తేలిపోతుంది. కానీ దారిలో ప్రతి పాతిక మీటర్లకూ ఒక ఫోన్ ఆన్‌లో ఉండాలి, అందులో ఆ యాప్ ఉండాలి. కరెంటు పోయిన మూడో రోజుకు ఎన్ని ఫోన్లలో ఛార్జింగ్ మిగులుతుంది? నెట్ పోయాక యాప్ ఎలా దించుకుంటారు? ఐఫోన్లలో యాప్ తెర మీద లేకపోతే బ్లూటూత్ పనిని బాగా తగ్గించేస్తారు, ఆ అంచె అక్కడే తెగుతుంది. చెప్పుకోవడానికి చిన్న ఇబ్బందులే, కలిస్తే గొలుసు నిలవదు. అందుకే ఇది విడిగా దించుకునే యాప్‌గా కాకుండా, ఫోన్‌తో పాటే వచ్చే ఏర్పాటుగా ఉండాలి. 112కు ఫోన్ లాక్ తీయకుండానే కాల్ వెళ్లే అవకాశం ఎలా పెట్టారో అలా.

జనసమ్మర్దంలో లెక్క మారుతుంది. దసరాల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి కింద క్యూలో నిలబడి తప్పిపోయినవాళ్ల కోసం ఫోన్ చేసినవాళ్లకు తెలుసు, సిగ్నల్ గీతలు నాలుగూ ఉన్నా కాల్ వెళ్లదు. టవర్ బతికే ఉంది, దాని ముందు క్యూ పెరిగింది. అక్కడ ఫోన్లకు కొదవ లేదు, అడుగుకొకటి. అంచెలు దండిగా దొరుకుతాయి. కానీ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీళ్లు మింగేస్తాయి, మనిషి ఒళ్లంతా నీళ్లే. భుజం భుజం రాసుకునే జనంలో జేబులోని బ్లూటూత్ పది మీటర్లు పోవడమూ కష్టమే. పైగా వేల ఫోన్లు ఒకేసారి మెసేజ్‌ను చేతులు మార్చుకుంటుంటే బ్రాడీపేట చిక్కు వెయ్యింతలవుతుంది. 'ఎర్ర చీర, పేరు ఫలానా, మూడో నంబరు కౌంటర్ దగ్గర ఉంది' లాంటి చిన్న మాటలకు సరిపోతుంది. ఫొటోలు, వాయిస్ మొదలుపెడితే కుప్పకూలుతుంది.

ఇక 865 మెగాహెర్ట్జ్ ముక్క. ఇక్కడ తరంగం పొడవు 35 సెంటీమీటర్లు, 2.4 గిగాహెర్ట్జ్‌లో 12 మాత్రమే. ఒకే రకం యాంటెనాలతో ఒకే దూరంలో ఈ పొడవాటి తరంగం నుంచి అందే బలం ఎనిమిది రెట్లు ఎక్కువ. దీని మీద లోరా అనే పద్ధతిలో నెమ్మదిగా, సాగదీసి మాట్లాడితే అరచేతిలో పట్టే పరికరం కూడా అడ్డం లేనిచోట కిలోమీటర్ల దూరం పలుకుతుంది. మెష్‌టాస్టిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్న చిన్న బోర్డును బ్లూటూత్‌తో ఫోన్‌కు కలుపుకుంటే, టైప్ చేసిన మాట బోర్డు నుంచి బోర్డుకు అంచెలంచెలుగా వెళ్తుంది. సిమ్ అక్కర్లేదు, నెలవారీ బిల్లు లేదు.

దానికి చెల్లించే ధర వేగం. సెకనుకు దాదాపు వెయ్యి బిట్లు, ఒక మెసేజ్‌కు సుమారు 200 బైట్లు. ఇది తెలుగువాళ్లకు మరీ ఇరుకు. యూనికోడ్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు తీసుకుంటే, తెలుగులో అక్షరానికీ గుణింతానికీ పొల్లుకూ ఒక్కోదానికి మూడేసి బైట్లు. 'మేము మూడో అంతస్తులో ఉన్నాం, మంచినీళ్లు కావాలి' అన్న వాక్యం 123 బైట్లు. అదే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తే యాభై లోపే. తెలుగులో పంపిన ఆ ఒక్క వాక్యం సెకను పైగా గాలిని ఆక్రమిస్తుంది, దాన్ని అందుకుని మళ్లీ పంపే ప్రతి బోర్డూ మరో సెకను తీసుకుంటుంది. ఆపదలో ఉన్నవాళ్లను ఇంగ్లిష్ అక్షరాలు వెతుక్కోమనడం న్యాయం కాదు. తెలుగుకు ఒక బైటు చొప్పున కుదించే చిన్న పట్టిక చేయడం కష్టమైన పనేం కాదు, విజయవాడ, గుంటూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒక ప్రాజెక్టు పాటి పని. నీళ్లు, మందులు, గర్భిణి, పాము, పడవ లాంటి ముప్పై మాటలకు అంకెలు ఇచ్చేస్తే మెసేజ్ పదో పన్నెండో బైట్లకు దిగుతుంది.

నమ్మకం సంగతి కూడా తేలాలి. ముక్కూ మొహం తెలియని ఫోన్ల మీదుగా మాట వెళ్తున్నప్పుడు, మధ్యవాళ్లు చదవకూడదు, మార్చకూడదు. బ్రిడ్జ్‌ఫై అనే ఇలాంటి యాప్‌ను 2020లో లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే కాలేజీ పరిశోధకులు పరీక్షించి తీవ్రమైన లోపాలు బయటపెట్టారు. అప్పటికి ఎన్నో దేశాల ఆందోళనల్లో దాన్ని జనం నమ్మి వాడేశారు. వరదలో ఇంకో భయం ఉంది: 'కట్ట తెగింది' అని ఒక్కరు అబద్ధం పంపితే అంచెలన్నీ దాన్నే మోస్తాయి. అధికారుల హెచ్చరికలకు విడిగా డిజిటల్ సంతకం ఉండి, అది లేని హెచ్చరికను ఫోన్ వేరే రంగులో చూపించడం కనీస జాగ్రత్త.

మాటే వినపడాలనుకునేవాళ్లకు ఇంకా సులువైన దారి ఒకటుంది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ పవర్‌తో పనిచేసే వాకీటాకీలకు 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ కమిటీ ఒక జత కొని వాచ్‌మన్ గదిలో ఒకటి, పై అంతస్తులో ఒకటి పెట్టుకోవచ్చు. కొనేటప్పుడు పెట్టె మీద ఆ ఫ్రీక్వెన్సీ ఉందో లేదో, అనుమతి పొందిన సరుకో కాదో చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఈ వివరాలేవీ చెప్పకుండా అమ్ముతున్నారని వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో చర్యలకు దిగింది.

కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టులో వచ్చాయి, మళ్లీ 2028లో వస్తాయి. ఘాట్ల దగ్గర తప్పిపోయినవాళ్ల కోసం ఎలాగూ కేంద్రాలు పెడతారు. ప్రతి కేంద్రంలో ఒక లోరా బోర్డు, చిన్న సోలార్ పలక పెట్టి, టవర్లను ముట్టుకోకుండా కేంద్రం నుంచి కేంద్రానికి మాట నడిపి చూడటానికి ఇంతకన్నా మంచి సందర్భం రాదు. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. ఇటు విజయవాడ, అటు సీతానగరం, మధ్యలో నీళ్లు తప్ప అడ్డం లేదు. ఊళ్లోకి వచ్చేసరికి ఇంద్రకీలాద్రి, గాంధీ హిల్, మొగల్రాజపురం కొండలు, గుణదల కొండ రేడియోకు గోడల్లా నిలబడతాయి, ఒక పక్క మాట ఇంకో పక్కకు పోనివ్వవు. అవే కొండల మీద ఒక్కో బోర్డు పెడితే కింద రెండు పక్కలా ఉన్నవాళ్లకు అదే మధ్యవర్తి అవుతుంది. గుణదల కొండ మీద నుంచి చూస్తే సింగ్‌నగర్ డాబాలు కొన్ని కిలోమీటర్ల దూరంలో, చదునుగా పరుచుకుని ఉంటాయి.